పసుపుతో పేగుపూత తగ్గుతుందా? మందు పక్కన మొక్క ఎంతవరకు పనికొస్తుంది

ఈ ఎపిసోడ్ నేను చాలా రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే ఇందులో నా సొంత పేగు గురించి మాట్లాడాలి, బాత్రూమ్ ముచ్చట్లు చెప్పాలి. అన్నం తింటూ ఫోన్ చూసేవాళ్లు ఉంటే, ముందు తినేసి రండి. నేనెక్కడికీ పోను.

నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. మనవాళ్లు పేగుపూత అంటారు కదా, అదే. నాలుగేళ్ల కింద మోషన్‌లో రక్తం కనిపిస్తే మొదట పైల్స్ అనుకున్నాను. మూడు నెలలు అలాగే లాగించాను. తర్వాత కొలనోస్కోపీ చేశారు, ముక్క తీసి బయాప్సీకి పంపారు, పేరు తేలింది. మెసలమైన్ అనే మాత్ర రాశారు. రెండు నెలల్లో మామూలు మనిషినయ్యాను. ఏడాది హ్యాపీగా గడిచింది. అప్పుడు మా పిన్ని ఒక వీడియో ఫార్వర్డ్ చేసింది. పసుపు, మిరియాలు, పాలు, ఇక జీవితంలో మాత్ర అక్కర్లేదు అని. పిన్ని తప్పేం లేదు, ప్రేమతోనే పంపింది. తప్పు నాది. ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేసి, పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు పసుపు పాలు మొదలుపెట్టాను.

మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెలలో కూడా బాగానే ఉన్నాను. ఆఫీసులో ఇద్దరికి సలహా కూడా ఇచ్చాను, అదీ నా ఘనత. ఏడో వారం దాటాక మొదలైంది. రోజుకి పది, పన్నెండు సార్లు. రాత్రిళ్లు లేచి పరిగెత్తడం, రక్తం, జిగురు. ఐదు కిలోలు తగ్గాను. చివరికి స్టెరాయిడ్ కోర్సు వాడాల్సి వచ్చింది. మొహం గుండ్రంగా ఉబ్బి, నిద్ర లేక, అందరి మీదా విసుక్కుంటూ రెండు నెలలు గడిపాను. మా డాక్టర్ గారు తిట్టలేదు. "పసుపు తాగితే తాగావు బాబూ, మాత్ర ఎందుకు ఆపావు?" అన్నారంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ మాట్లాడదాం. పసుపు లాంటి మొక్కల్లోని పదార్థాలు ఈ జబ్బులో నిజంగా పనిచేస్తాయా? చేస్తే ఎంత, ఎవరికి, ఎలా? ఎందుకంటే "అంతా బోగస్" అనేవాళ్లూ పూర్తిగా కరెక్ట్ కాదు, "అమ్మమ్మ వైద్యం ముందు అల్లోపతి ఎంత" అనేవాళ్లూ కరెక్ట్ కాదు. మధ్యలో అసలు పరిశోధన ఉంది. అందులో కొంత మన హైదరాబాద్‌లోనే జరిగింది.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. ఐబీఎస్ వేరు, ఐబీడీ వేరు. ఐబీఎస్‌లో కడుపు నొప్పి, విరేచనాలు, గ్యాస్ ఉంటాయి గానీ పేగు గోడ మీద పుండ్లు ఉండవు. టెన్షన్ పడితే మోషన్ వస్తుంది అంటారే, ఎక్కువ భాగం అది. ఐబీడీ అంటే పేగు గోడ నిజంగా వాచి, పుండ్లు పడి, రక్తం కారే జబ్బు. ఇందులో ముఖ్యంగా రెండున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం, అదీ పైపొరలో. క్రోన్స్ అయితే నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుదాకా వెళ్తుంది, కొన్నిచోట్ల పేగు సన్నబడిపోతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ పనిపడుతుంది.

అసలు లోపల జరిగేది ఏంటంటే, మన రోగనిరోధక వ్యవస్థ మన పేగు మీదే, అందులో ఉండే బ్యాక్టీరియా మీదే అవసరానికి మించి యుద్ధం చేస్తుంది. కణాల లోపల ఎన్‌ఎఫ్ కప్పా బీ అని ఒక స్విచ్ లాంటిది ఉంటుంది. అది ఆన్ అయితే వాపు పుట్టించే రసాయనాలు వరసగా తయారవుతాయి. మామూలుగా ప్రమాదం పోగానే ఆఫ్ కావాలి. మాలాంటి వాళ్లలో ఆఫ్ కాదు. పసుపుకి ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ ల్యాబ్‌లో, గాజు పాత్రలోని కణాల మీద ఈ స్విచ్‌ని తగ్గిస్తుంది. ఇంత పేరు రావడానికి మూలం అదే. కానీ ఒక మాట. కర్క్యుమిన్ ల్యాబ్ పరీక్షల్లో చాలా మోసం చేసే పదార్థం. దేనికైనా అతుక్కుంటుంది, దానంతట అది మెరుస్తుంది, త్వరగా విడిపోతుంది. అందుకని లేని ఫలితం ఉన్నట్టు కనిపిస్తుందని 2017లో కెమిస్ట్రీ నిపుణులు పెద్ద వ్యాసమే రాశారు. కాబట్టి "ల్యాబ్‌లో నిరూపించారు" అని రీల్‌లో వస్తే నేను స్క్రోల్ చేసేస్తాను. మనుషుల మీద ఏమైంది అన్నదే చూడాలి.

మనుషుల మీద చేసిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది జపాన్‌ది, 2006లో వచ్చింది. జబ్బు అదుపులో ఉన్న 89 మంది కొలైటిస్ పేషెంట్లని తీసుకున్నారు. అందరూ తమ మామూలు మాత్ర, అంటే మెసలమైన్ గానీ సల్ఫాసలజైన్ గానీ వేసుకుంటూనే ఉన్నారు. దానిమీద సగం మందికి రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే డమ్మీ. ఆరు నెలల్లో కర్క్యుమిన్ వేసుకున్న 43 మందిలో ఇద్దరికి జబ్బు తిరగబెట్టింది. డమ్మీ వేసుకున్న 39 మందిలో ఎనిమిది మందికి తిరగబెట్టింది.

రెండోది 2015లో ఇజ్రాయెల్, హాంకాంగ్, సైప్రస్ డాక్టర్లు కలిసి చేశారు. వీళ్లు 50 మంది. మెసలమైన్ సరైన డోసులో వాడినా జబ్బు పూర్తిగా లొంగనివాళ్లు, తీవ్రత కొద్దిగా నుంచి ఓ మోస్తరు. మాత్ర కొనసాగిస్తూనే 26 మందికి రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారు. నెల తిరిగేసరికి 14 మందికి లక్షణాలు పోయాయి. డమ్మీ తీసుకున్న 24 మందిలో ఒక్కరికీ పోలేదు.

వినడానికి అదిరిపోయింది కదా. నాకూ అలాగే అనిపించింది. కానీ రెండింటిలోనూ కామన్‌గా ఉన్న విషయం గమనించారా? ఎవరూ మాత్ర ఆపలేదు. ఒక్కరు కూడా. నేను చూసిన వీడియోలో ఈ రెండు స్టడీలూ ఉన్నాయి, ఆ ఒక్క ముక్క మాత్రం లేదు.

ఇప్పుడు లెక్క చేద్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మామూలు పసుపు పొడిలో కర్క్యుమిన్ ఎంత ఉంటుంది? దాదాపు 3 శాతం. మేఘాలయ లకడాంగ్ పసుపులో ఇంకా ఎక్కువ, 7 శాతం దాకా ఉంటుందంటారు. మనం దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్ల నుంచి వచ్చే పసుపే ఎక్కువ వాడతాం కాబట్టి 3 శాతం అనుకుందాం. ఒక టీస్పూన్ పొడి 3 గ్రాములు. అందులో కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. ఆ స్టడీలో ఇచ్చింది 3 గ్రాములు, అంటే 3000 మిల్లీగ్రాములు. అంటే రోజుకి 33 టీస్పూన్ల పసుపు. ఒక మామూలు వంద గ్రాముల ప్యాకెట్ మొత్తం, ప్రతిరోజూ. నేను తాగింది గ్లాసుకి అర స్పూన్ చొప్పున రెండు గ్లాసులు. స్టడీలో ఇచ్చిన దాంట్లో ముప్పై మూడో వంతు. పప్పులో, చారులో వేసేది ఇంకా తక్కువ.

సో, పసుపు పాలు తాగడం అంటే ఆ స్టడీలో ఇచ్చిన మందు తాగినట్టు కాదు. అలాగని గబగబా ప్యాకెట్ మొత్తం నోట్లో పోసుకోకండి బాబూ. స్టడీలో ఇచ్చింది శుద్ధి చేసిన క్యాప్సూల్స్.

మరి డోసు తగ్గిస్తే? ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు అదే చూశారు. 2017లో వచ్చిన వాళ్ల స్టడీలో 62 మందికి, మెసలమైన్‌తో పాటు, రోజుకి 450 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఎనిమిది వారాలు. డమ్మీకీ దీనికీ తేడా కనిపించలేదు. 450 మిల్లీగ్రాములంటేనే ఐదు టీస్పూన్ల పసుపు. అదీ పనిచేయలేదు.

తర్వాత మన హైదరాబాద్, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ. గచ్చిబౌలిలో ఉంది, చాలామందికి ఏఐజీ అంటేనే తెలుస్తుంది. వాళ్లు దారి మార్చారు. డోసు పెంచకుండా, ఒంటికి బాగా పట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన కర్క్యుమిన్‌ని కేవలం 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు ఇచ్చారు. 69 మంది పేషెంట్లు, అందరూ మెసలమైన్ మీదే ఉన్నారు. ఆరు వారాలకి కర్క్యుమిన్ గ్రూపులో దాదాపు 44 శాతం మందికి లక్షణాలు తగ్గిపోయాయి, డమ్మీ గ్రూపులో ఒక్కరికీ లేదు. మూడు నెలలకి దాదాపు 56 శాతం, అటువైపు 6 శాతం లోపు. అంటే మిల్లీగ్రాముల నంబర్ ఒక్కటే చూసి ఈ డబ్బా గొప్పది, ఆ డబ్బా వేస్ట్ అని చెప్పలేం. ఎలా తయారుచేశారన్నది కూడా ముఖ్యం. ఆన్‌లైన్‌లో "500 ఎంజీ, 1000 ఎంజీ" అని పెద్ద అక్షరాలు చూసి కొనేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి.

ఇక్కడ మిరియాల సంగతి వస్తుంది. పసుపులో మిరియాలు వేయాలి, అప్పుడే ఒంటికి పడుతుంది అని అందరూ చెప్తారు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? బెంగళూరు నుంచి. 1998లో అక్కడి పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ 20 రెట్లు అయిందని చూపించారు. నిజమే. కానీ రక్తంలోకి ఎక్కువ వెళ్లడం మనకి కావాలా? కొలైటిస్ పుండు పెద్దపేగు లోపలి గోడ మీద ఉంది. ఒంటికి పట్టని కర్క్యుమిన్ పేగులోనే ఉండి కిందిదాకా వెళ్తుంది. మామూలు కర్క్యుమిన్ మిగతా జబ్బుల్లో అంతంత మాత్రంగా ఉండి కొలైటిస్‌లో కాస్త ఫలితం చూపడానికి ఒక కారణం ఇదే కావొచ్చని నాకు అనిపిస్తుంది. ఇంకో ముఖ్యమైన విషయం. పైపెరిన్ కర్క్యుమిన్ ఒక్కదాన్నే కాదు, మిగతా మందుల్ని కూడా లివర్ ఖర్చు చేసే వేగాన్ని తగ్గిస్తుంది. సైక్లోస్పోరిన్, ట్యాక్రోలిమస్ లాంటివి వాడేవాళ్లకి రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎక్కువైపోయే ప్రమాదం ఉంది. రసంలో మిరియాల గురించి కాదు నేను చెప్పేది. గాఢంగా తీసిన పైపెరిన్ కలిపిన క్యాప్సూల్ గురించి.

సరే, పసుపు పక్కన పెట్టి మిగతా మొక్కలు చూద్దాం. వీటిలో నాకు బాగా నచ్చింది పెద్దగా గ్లామర్ లేనిది, ఇసబ్‌గోల్. స్పెయిన్‌లో 1999లో, జబ్బు అదుపులో ఉన్న 105 మందిని మూడు గ్రూపులు చేశారు. ఒకళ్లకి ఇసబ్‌గోల్ గింజలు 10 గ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు, ఇంకొకళ్లకి మెసలమైన్, మూడో గ్రూపుకి రెండూ. ఏడాదికి చికిత్స ఫెయిలైనవాళ్లు వరసగా 40, 35, 30 శాతం. మూడు గ్రూపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. గింజలు తిన్నవాళ్ల మలంలో బ్యూటిరేట్ అనే పదార్థం పెరిగింది. మన పెద్దపేగు గోడ కణాలకి బ్యూటిరేట్ అంటే మనకి అన్నం లాంటిది. మనం తిన్న పీచుని పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి దీన్ని తయారుచేస్తుంది. అయితే వాళ్లు వాడింది గింజలు, మనం మెడికల్ షాపులో కొనే పొట్టు కాదు. ఇంకో విషయం, ఇది జబ్బు సద్దుమణిగి ఉన్నవాళ్ల సంగతి. పేగు మండిపోతున్నప్పుడు, లేదా క్రోన్స్‌లో పేగు సన్నబడి ఉన్నప్పుడు ఇలా పీచు ఎక్కించుకుంటే అడ్డుపడిపోయే ప్రమాదం ఉంది. అందుకే మొదట్లో ఆ తేడా గుర్తుపెట్టుకోమన్నాను.

కలబంద రసం కూడా చాలామంది తాగుతారు. ఇంగ్లండ్‌లో 2004లో 44 మందికి నాలుగు వారాలు, రోజుకి రెండుసార్లు వంద మిల్లీలీటర్లు ఇచ్చి చూశారు. కొంత మెరుగు కనిపించింది గానీ పూర్తిగా తగ్గినవాళ్ల లెక్కలో తేడా గట్టిగా తేలలేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. కలబంద ఆకుని కోస్తే పచ్చగా కారే చేదు పాలు గట్టి విరేచనకారి. ఇంట్లో కుండీలోని ఆకుని మొత్తంగా మిక్సీలో వేసి తాగితే, ఇప్పటికే పరుగులు పెడుతున్నవాళ్ల పని అంతే.

నేలవేము కథ మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. మన పల్లెల్లో జ్వరాలకి కషాయం కాస్తారు కదా, ఆ చేదు మొక్కే. దాని సారంతో చేసిన మందుని అల్సరేటివ్ కొలైటిస్ పేషెంట్లు 224 మంది మీద పరీక్షించారు, 2013లో ఫలితాలు వచ్చాయి. రోజుకి 1800 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి మెరుగైంది, డమ్మీలో 40 శాతం. చాలా ఆశ పుట్టింది. కంపెనీ దాన్ని ఇంకా పెద్ద పరీక్షకి, అంటే మూడో దశకి తీసుకెళ్లింది. 2014లో మధ్యలో లెక్కలు చూస్తే, చివరిదాకా నడిపినా ఫలితం తేలేలా లేదని ఆపేశారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 224 మంది మీద బాగా కనిపించిన మొక్క పెద్ద పరీక్షలో నిలబడలేదు. మరి మన కర్క్యుమిన్ స్టడీలు? 89, 50, 62, 69. ఒక్కటీ వంద దాటలేదు. అందుకే నేను కర్క్యుమిన్ గురించి "పనిచేస్తుంది" అని కాకుండా "చేసేలా కనిపిస్తోంది" అంటాను. నా నాలుక ఎంత దురద పెట్టినా అంతకంటే అనను.

క్రోన్స్ ఉన్నవాళ్లకి ఇంకో చేదు వార్త. ఫ్రాన్స్‌లో, ఆపరేషన్ అయిన 62 మంది క్రోన్స్ పేషెంట్లకి జబ్బు తిరిగి రాకుండా రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్, అజాథయోప్రిన్ రకం మందుతో కలిపి ఆరు నెలలు ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. ఉపయోగం లేదు. పైగా జబ్బు తీవ్రంగా తిరగబెట్టినవాళ్లు కర్క్యుమిన్ గ్రూపులోనే ఎక్కువ, 55 శాతం, అటు డమ్మీలో 26 శాతం. ఒకే ఐబీడీ కుటుంబం, ఒకే పసుపు, కానీ ఫలితం రివర్స్. అందుకని "ఐబీడీకి పసుపు" అనే టైటిలే తప్పు. ఏ ఐబీడీ? ఎవరికి? ఏ దశలో?

ఇప్పుడు నీలిమందు. తెల్లబట్టలకి పెట్టే నీలం గుర్తుందా? అలాంటి రంగు ఇచ్చే మొక్కల ఆకుల నుంచి చైనా సంప్రదాయ వైద్యంలో చింగ్ దాయి అనే పొడి తీస్తారు. జపాన్‌లో 86 మంది కొలైటిస్ పేషెంట్లకి ఎనిమిది వారాలు ఇస్తే, డోసుని బట్టి 70 నుంచి 81 శాతం మందికి మెరుగైంది. డమ్మీలో 14 శాతం లోపే. మొక్కల్లో ఇంత బలమైన ఫలితం నేను ఇంకోటి చూడలేదు. కానీ ఆ స్టడీని అనుకున్న టైమ్ కంటే ముందే ఆపాల్సి వచ్చింది. ఎందుకంటే స్టడీలో లేని ఒకరు, సొంతంగా ఆ పొడి కొనుక్కుని వాడుతున్న మనిషికి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిపోయే ప్రమాదకరమైన జబ్బు వచ్చింది. 2016 డిసెంబర్‌లో జపాన్ ప్రభుత్వం హెచ్చరిక జారీచేసింది. తర్వాత 2024లో ఇజ్రాయెల్, గ్రీస్‌లలో దీన్ని కర్క్యుమిన్‌తో కలిపి 42 మందికి డాక్టర్ల కళ్లముందు కొద్ది వారాలు ఇస్తే 43 శాతం మందికి పనిచేసింది, డమ్మీలో 8 శాతం. అంటే దాంట్లో నిజంగా మందు ఉంది. మందు ఉన్నచోట మందుకుండే ప్రమాదమూ ఉంది. దయచేసి జుట్టుకి పెట్టుకునే నీలి ఆకు పొడి తెచ్చి నీళ్లలో కలుపుకోకండి. అది తినడానికి చేసింది కాదు.

"సహజం కదా, ఏమవుతుంది" అనే మాట మా ఇంట్లో రోజూ వినేదాన్నే. పసుపు విషయంలోనే చూడండి. అమెరికాలో లివర్ డ్యామేజ్ కేసుల్ని నమోదు చేసే డాక్టర్ల బృందం 2022లో పసుపు సప్లిమెంట్ల వల్ల అని తేల్చిన 10 కేసులు బయటపెట్టింది. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి ఒక ప్రత్యేకమైన జన్యు రకం ఉంది, అంటే అందరికీ ఇలా కాదు, ఎవరికవుతుందో ముందే మనకి తెలీదు. కూరలో పసుపుతో ఈ గొడవ లేదు, అది తరతరాలుగా తింటున్నాం. క్యాప్సూల్ వేరు. పైగా మనకి అజాథయోప్రిన్ లాంటి మందులు కూడా లివర్‌ని ఇబ్బంది పెట్టగలవు, ఈ జబ్బుతో పాటే కొందరికి పిత్తనాళాల సమస్య వస్తుంది. డాక్టర్‌కి చెప్పకుండా క్యాప్సూల్ వేసుకుంటే, రేపు లివర్ టెస్ట్ తేడాగా వచ్చినప్పుడు దొంగ ఎవరో ఆయనకి దొరకదు. పనికొచ్చే మందుని ఆపేసే అవకాశం కూడా ఉంది. అలాగే రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ ఉన్నవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు అడగకుండా మొదలుపెట్టొద్దు. రక్తం పోయి హీమోగ్లోబిన్ తగ్గినవాళ్లు ఇంకొకటి గమనించండి, కర్క్యుమిన్‌కి ఐరన్‌ని పట్టుకునే గుణం ఉంది. ఐరన్ మాత్ర, ఇదీ ఒకేసారి వేసుకోకండి.

మళ్లీ నా ఏడు వారాల దగ్గరికి వస్తాను. అన్ని రోజులు నేను ఎందుకు బాగున్నాను? పసుపు పాల వల్ల అని అప్పుడు గట్టిగా నమ్మాను. అసలు సంగతేంటంటే, జబ్బు అదుపులో ఉన్నప్పుడు మెసలమైన్ ఆపితే మర్నాడే తెలియదు. గోడ మానే ఉంటుంది, మంట నెమ్మదిగా రాజుకుంటుంది. వారాలు, నెలలు పట్టొచ్చు. ఆ గ్యాప్‌లో మనం ఏం తిన్నా దానికే క్రెడిట్ పోతుంది. నేను ఆ ఏడు వారాలు బెల్లం తిన్నా "బెల్లం వైద్యం" అని వీడియో చేసేవాడినేమో. అమెరికాలో జబ్బు అదుపులో ఉన్న 99 మందిని గమనించిన స్టడీ 2003లో వచ్చింది. మెసలమైన్ సరిగ్గా వేసుకోనివాళ్లకి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఐదు రెట్ల కంటే ఎక్కువ. కర్క్యుమిన్ ఇచ్చే లాభం ఎంత బాగా లెక్కేసినా, మాత్ర మానేస్తే పోయేది అంతకంటే పెద్దది. ఒక చేత్తో పది రూపాయలు ఏరుకుని, ఇంకో చేత్తో వంద పారేసుకున్నాను.

ఎవరైనా నిజంగా ప్రయత్నించాలనుకుంటే ఎలా వెళ్లాలో, నేను చేసింది చెప్తాను. స్టెరాయిడ్ కోర్సు అయిపోయి, మెసలమైన్ మీద నిలదొక్కుకున్నాక డాక్టర్ గారిని నేనే అడిగాను, సార్, కర్క్యుమిన్ కలిపి వాడొచ్చా అని. సిగ్గుపడుతూనే అడిగాను. ఆయన నవ్వి, ముందు లివర్ టెస్ట్ చేయించమన్నారు. మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ అనే టెస్ట్ చేయించమన్నారు. పేగులో వాపు ఎంతుందో అది ఒక నంబర్‌గా చెప్తుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి. "నాకు బాగా అనిపిస్తోంది" అనే మాట మీద ఆధారపడకూడదని. అనిపించడం ఎంత మోసం చేస్తుందో నాకంటే ఎవరికి తెలుసు చెప్పండి. ఏ డబ్బా కొన్నానో ఫొటో తీసి ఆయనకి చూపించాను, వెనకవైపు లేబుల్‌తో సహా. మిరియాల సారం లేనిది తీసుకోమన్నారు. ఏ కంపెనీదో మాత్రం ఇక్కడ చెప్పను, నన్ను అడగొద్దు. నా ఒంటికి, నా మందులకి సరిపడింది మీకు సరిపడాలని లేదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మంచి క్యాప్సూల్స్ నెలకి చవకేం కాదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు, క్యాప్సూల్స్‌కి డబ్బు సరిపోక మెసలమైన్ రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. ఇది విని నాకు నిద్ర పట్టలేదు. డబ్బు ఒక్కదానికే ఉంటే అది మాత్రకే పెట్టండి. క్యాప్సూల్ లేకపోతే నష్టం లేదు. డోసు గురించి ఇబ్బంది ఉంటే డాక్టర్‌కి మొహమాటం లేకుండా చెప్పండి, చవకగా దొరికే కంపెనీ రాయమనండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రోజుకి ఆరుసార్లు దాటి రక్తంతో మోషన్స్ అవుతుంటే, జ్వరం ఉంటే, గుండె దడగా ఉంటే, పొట్ట ఉబ్బి గట్టిపడితే, అప్పుడు పసుపు, కలబంద, నా వీడియో, ఏదీ చూడొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సప్లిమెంట్ వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, విపరీతమైన నీరసం వచ్చినా క్యాప్సూల్ ఆపేసి లివర్ టెస్ట్ చేయించుకోండి.

నా క్యాల్‌ప్రొటెక్టిన్ మూడు నెలలకి తగ్గింది. అది కర్క్యుమిన్ వల్లా, మాత్ర క్రమం తప్పకుండా వేసుకోవడం వల్లా, ఆఫీసు మారి నిద్ర కుదరడం వల్లా అంటే నేను చెప్పలేను. ఒక్క మనిషి మీద ఆ లెక్క తేలదు. అందుకే ఆ స్టడీల్లో డమ్మీ మాత్రలు పెట్టేది. అమ్మ ఇప్పటికీ రాత్రి పసుపు పాలు ఇస్తుంది, తాగుతాను, బాగుంటాయి. గ్లాసు పక్కనే మాత్రల డబ్బా పెడుతుంది ఈమధ్య. వచ్చే ఎపిసోడ్‌లో జబ్బు మండుతున్న రోజుల్లో ఏం తినాలి, పెరుగు, మజ్జిగ, పచ్చళ్ల సంగతేంటి అన్నది ఒక డైటీషియన్ గారితో మాట్లాడదాం. ఉంటాను మరి.